బ్యాటరీ మార్చాక మొదలైన అసలు గోల: మా కారుతో పన్నెండు రోజులు

జూన్ 1, ఆదివారం. అమ్మకు మోకాలి ఆపరేషన్ అని ఏప్రిల్ 25న విశాఖ వెళ్లినదాన్ని, ముప్ఫై ఏడు రోజుల తర్వాత రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో బెజవాడ దిగాను. ఆటోలో పాయకాపురం ఇంటికొచ్చి, సామాను హాల్లో పడేసి, రేపు కాలేజీ తెరుస్తున్నారు కదా, కారు ఒకసారి స్టార్ట్ చేసి చూద్దామని తాళం పట్టుకుని కిందికి దిగాను. రాత్రి ఎనిమిదిన్నర అయింది. రిమోట్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. రిమోట్‌లో సెల్ అయిపోయిందేమో అనుకున్నాను. పైకెళ్లి రెండో తాళం తెచ్చినా అదే వరస.

రిమోట్ పక్కనున్న మీట నొక్కితే బయటికొచ్చే ఇనప తాళాన్ని నేను ఇగ్నిషన్‌కి తప్ప దేనికీ వాడింది లేదు. డ్రైవర్ డోర్ కన్నంలో పెడితే సగం దిగి ఆగిపోయింది. ఆరేళ్లుగా ఎవరూ ముట్టుకోని కన్నం అది. కుట్టు మిషన్ నూనె నాలుగు చుక్కలు వేసి, పది నిమిషాలు అటూ ఇటూ ఆడిస్తే కానీ తిరగలేదు. మీ కారు తలుపు తాళంతో తెరుచుకుంటుందో లేదో ఒకసారి తీరిగ్గా ఉన్నప్పుడే చూసుకోండి. నాలాగా రాత్రిపూట సెల్‌ఫోన్ టార్చి నోట్లో పెట్టుకుని కాదు.

లోపల కూర్చుని తాళం తిప్పాను. డాష్‌బోర్డు మీద లైట్లు నూనె అయిపోయిన దీపంలా మిణుకుమన్నాయి. టకటకటక అని ఎక్కడో రిలే కొట్టుకుంది. తర్వాత అంతా చీకటి. సరే, బ్యాటరీ డౌన్. జంపర్ కేబుల్స్ కొని ఉంచాం కదా అని ధైర్యం. అవెక్కడున్నాయి? డిక్కీలో. డిక్కీ ఎలా తెరుచుకుంటుంది? కరెంటు బటన్‌తో! దానికి తాళం కన్నం కూడా లేదు. వెనక సీటు మడిచి, చీర కుచ్చెళ్లు దోపుకుని, సందులోంచి డిక్కీలోకి పాకి, స్టెప్నీ పక్కన చుట్టగా పడున్న కేబుల్స్ లాగాను. ఆ దృశ్యం వాచ్‌మన్ చూశాడు. ఏమీ అనలేదు, అదే నయం.

పక్క ఫ్లాట్ కుర్రాడు ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. "ఆంటీ, నేను పెడతా ఆగండి" అని తన కారు తెచ్చి ఎదురుగా నిలిపాడు. వరస ఇద్దరికీ తెలుసు. ఎర్ర క్లిప్పు మా బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొన అతని బ్యాటరీ ప్లస్‌కి, నల్లది అతని మైనస్‌కి, చివరి నల్ల క్లిప్పు మాత్రం మా బ్యాటరీకి కాకుండా కాస్త దూరంగా రంగు లేని ఇనుముకి. ఆఖరి క్లిప్పు తగిలించేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండొచ్చు, అందుకని. అతను ఆ చివరి క్లిప్పును బానెట్ లోపల బాడీకున్న ఒక బోల్టుకి పట్టించాడు. పది నిమిషాలు ఆగి సెల్ఫ్ కొట్టాను. మళ్లీ టకటక. క్లిప్పు తీసి ఇంకో బోల్టుకి మార్చాడు. అదీ బాడీదే. టకటక. మూడోసారి ఇంజిన్ మీదున్న ఇనప హుక్కుకి పెట్టాడు. ఒక్క దెబ్బకు స్టార్ట్ అయింది.

"బోల్టులకు పెయింట్ ఉంది ఆంటీ" అన్నాడు. అవునవును అన్నాను. మొత్తం కథకు తాళం చెవి అక్కడే ఉంది. పదహారేళ్లుగా ఇంటర్ పిల్లలకు కరెంటు పాఠం చెబుతున్న నేను దాన్ని చూసి కూడా చూడలేదు.

స్టార్ట్ అయిన సంతోషం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. స్టీరింగ్ బొమ్మ పసుపురంగులో వెలిగింది, దాని పక్కన కారు జారుతున్నట్టుండే బొమ్మ కూడా. గడియారం 12:00 చూపిస్తోంది. స్టీరియో కోడ్ అడుగుతోంది. డ్రైవర్ పక్క అద్దం ఒక్క నొక్కుతో పైకి వెళ్లాల్సింది, కొంచెం కొంచెంగా ఎక్కుతోంది. ఇంజిన్ ఒకసారి గుర్రుమని పెరిగి, ఒకసారి ఆగిపోతుందా అన్నట్టు తగ్గుతోంది. టెన్షన్‌తో మా వారికి ఫోన్ చేశాను. ఆయన ఉద్యోగం హైదరాబాద్‌లో, శని ఆదివారాలు వస్తారు, ఆ వారం రాలేదు. "ఓ నలభై నిమిషాలు తిప్పుకురా, చార్జ్ ఎక్కుతుంది, అన్నీ అవే పోతాయి" అన్నారు. రామవరప్పాడు రింగు దాటి, ప్రసాదంపాడు, నిడమానూరు మీదుగా గన్నవరం దాకా వెళ్లి వచ్చాను. అర్ధరాత్రి విమానాశ్రయం ముందు పని లేకుండా కారు తిప్పుకుని రావడం ఇదే మొదటిసారి. తిన్నగా ఉన్న ఆ హైవే మీద కారు జారే బొమ్మ దానంతట అదే ఆరిపోయింది. స్టీరింగ్ బొమ్మ మాత్రం ఉంది.

పొద్దున్నే ఆరున్నరకు తాళం తిప్పితే మళ్లీ టకటక.

నడిపితే చార్జ్ ఎక్కుతుందన్నది సగం నిజం. కొద్దిగా తగ్గిన బ్యాటరీని, ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నింపుతుంది. పూర్తిగా ఖాళీ అయి వారాల తరబడి అలాగే ఉన్నదాంట్లో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. నలభై నిమిషాలు కాదు కదా, హైదరాబాద్ దాకా వెళ్లొచ్చినా అది మునుపటిలా కాదు. ఈ ముక్క కూడా నేను పిల్లలకు చెబుతూనే ఉంటాను.

జూన్ 2, సోమవారం. ఆటోలో కాలేజీకి వెళ్లి, ఖాళీ పీరియడ్‌లో ఇంటికొచ్చి బ్యాటరీ వేసే కుర్రాళ్లకు ఫోన్ చేశాను. సాయంత్రం ఐదుకి వస్తానని ఏడుంపావుకి వచ్చాడు. మీటర్ పెడితే 10.9 వోల్టులు. నిండుగా ఉన్న బ్యాటరీ కారు ఆపి ఉంచినప్పుడు 12.6 చూపించాలి. పాతది 2022లో వేయించింది. "మూడేళ్లు వచ్చింది కదా మేడం, మన ఎండలకు అదే ఎక్కువ" అన్నాడు. బెజవాడ మే నెలలో ఆరుబయట ముప్ఫై ఏడు రోజులు నిలబెట్టిన నాకు అతనితో వాదించే మొహం లేదు. 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) కొత్త బ్యాటరీ 5,100, పాతదానికి 900 తగ్గించి 4,200 తీసుకున్నాడు. వారంటీ కార్డు మీద నంబరు, తేదీ, ముద్ర అక్కడికక్కడే వేయించుకున్నాను. పాత బ్యాటరీ కార్డు దొరకక పోగొట్టుకున్న తగ్గింపు ఎంతో ఎప్పటికీ తెలియదు.

సెల్ఫ్ ఝామ్మని తిరిగింది. లైట్లు మాత్రం పోలేదు, అద్దం మారలేదు. కుర్రాడు బానెట్ వేసేసి, "అవి షోరూమ్‌లో స్కానర్ పెట్టి తీయాలి మేడం" అని బండి ఎక్కేశాడు.

ఆ రాత్రి కారు పుస్తకం తీసి చదివాను. కొన్న ఆరేళ్లలో టైరు గాలి పేజీ తప్ప ఏదీ తెరిచినట్టు లేదు. అప్పుడు అర్థమైంది, నేను జబ్బులనుకున్నవాటిలో సగం మతిమరుపు. బ్యాటరీ పూర్తిగా పోతే కారు కొన్ని సంగతులు మరిచిపోతుంది, మళ్లీ నేర్పాలి. అద్దం ఎక్కడిదాకా వెళితే మూసుకున్నట్టో దానికి గుర్తుండదు. చేయి ఇరుక్కుంటే వెనక్కి దిగే సదుపాయం ఉంది కదా, పైకొన తెలియనప్పుడు ఒక్క నొక్కుతో ఎక్కించే ధైర్యం దానికి ఉండదు. అద్దం పూర్తిగా దించి, స్విచ్చి పైకి లాగి పట్టుకుని, మూసుకున్నాక కూడా వదలకుండా లోపల ఐదు లెక్కపెట్టాను. టక్‌మని చిన్న చప్పుడు. మళ్లీ దించి ఒక్క నొక్కు నొక్కితే సర్రున ఎక్కింది! ఒంటరిగా పార్కింగ్‌లో కూర్చుని చప్పట్లు కొట్టుకున్నంత పని చేశాను.

స్టీరింగ్‌దీ అంతే. తిన్నగా ఉండటం అంటే ఏమిటో మరిచిపోయింది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి, మళ్లీ మధ్యకు తెచ్చి, అపార్ట్‌మెంట్ ముందు రోడ్డు మీద మెల్లగా తిన్నగా నడిపాను. పసుపు బొమ్మ ఆరిపోయింది. ఇంజిన్ ఎక్కడం తగ్గడం మాత్రం మనం చేసేదేమీ లేదు, రెండు రోజులు మామూలుగా నడిపేసరికి సర్దుకుంది. వీటన్నిటికీ పైసా ఖర్చు కాలేదు.

స్టీరియో కోడ్ మాత్రం ఏడిపించింది. కారు కాగితాల సంచీలో లేదు. అందాజుగా నాలుగంకెలు కొట్టి చూశాను. 0000, 1234, మా పెళ్లి రోజు. తప్పు కొట్టేకొద్దీ ఇంకా ఎక్కువసేపు ఆగమంటోంది. మూడు రోజులు పాటల్లేకుండా తిరిగాక, గురువారం రాత్రి మా వారికి హఠాత్తుగా గుర్తొచ్చింది. కోడ్ కార్డు భద్రంగా ఉండాలని బీరువాలో ఎల్‌ఐసీ బాండ్ల మధ్య పెట్టారట. ఆరేళ్ల క్రితం.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఇంత రాసే పనే లేదు. జూన్ 4, బుధవారం సాయంత్రం వాన. కాలేజీ నుంచి వస్తూ బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద తిరగబోతున్నాను. హెడ్‌లైట్లు వేసి ఉన్నాయి, ఏసీ నాలుగులో ఉంది, వెనక అద్దానికి మంచు పట్టిందని దాని హీటర్ కూడా వేశాను. స్టీరింగ్ తిప్పేసరికి ఒక్కసారిగా బండరాయిలా బిగుసుకుంది. డాష్‌బోర్డు మీద దీపావళి. స్పీడు ముల్లు సున్నాకి పడి మళ్లీ లేచింది. వెనక బస్సువాడు హారన్ మోగిస్తున్నాడు. రెండు చేతులతో లాగి పక్కకు తెచ్చి ఆపాను. కాళ్లు వణుకుతున్నాయి. ఏసీ, హీటర్ ఆపేసి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు మామూలుగా ఉంది.

గురు, శుక్రవారాల్లో ఇంకొన్ని వింతలు బయటపడ్డాయి. హారన్ కొడితే డోర్ లాక్‌లు టక్కున లేస్తున్నాయి. బ్రేకు తొక్కితే పార్కింగ్ లైట్లు గుడ్డిగా వెలుగుతున్నాయి. ఇండికేటర్ వేస్తే మీటర్ వెనక లైటు దాంతోపాటు కొట్టుకుంటోంది. మా వారు ఫోన్లో "కొత్త బ్యాటరీ డూప్లికేటేమో" అన్నారు. నాకైతే భయమే ఎక్కువ. ఫ్లైఓవర్ మీద అలా అయితే?

జూన్ 6, శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. ఏ కంపెనీదో, ఎక్కడిదో చెప్పను. స్కానర్ పెట్టారు. వోల్టేజీ తక్కువైందని చెప్పే పీ0562, దాంతోపాటు యూతో మొదలయ్యే కోడ్లు నాలుగు. ఒక డబ్బా ఇంకో డబ్బాతో మాట్లాడలేకపోయిందని ఆ కోడ్ల అర్థమట. గంటన్నర గాజు గది బయట కూర్చున్నాక సలహాదారు కుర్రాడు కాగితం తెచ్చాడు. లైట్లు, లాక్‌ల వంటివి నడిపే బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే డబ్బా మార్చాలి, 38,400. ఆర్డర్ పెడితే వారం, పది రోజులు. దాని తర్వాత స్టీరింగ్ మోటర్ సంగతి చూస్తారు, అది వేరే లెక్క.

"ఎర్త్ చూశారా బాబూ?" అని అడిగాను. కారులో వాడిన కరెంటు బాడీ ఇనుము మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగి చేరే తీగే ఎర్త్. ఎందుకడిగానో నాకే తెలియదు, ఎక్కడో విన్న మాట.

"చూశాం మేడం, కంటిన్యుటీ ఓకే, తీగ ఎక్కడా తెగలేదు. మీటర్ బీప్ అంది."

చెకింగ్ ఫీజు జీఎస్టీతో 1,180 కట్టి, ఆలోచించి చెప్తానని బయటపడ్డాను. కోడ్లు రాసిన ప్రింటు అడిగి తెచ్చుకున్నాను. మీరూ అడగండి, ఇస్తారు.

స్టాఫ్‌రూమ్‌లో కెమిస్ట్రీ మేడం ఆటోనగర్‌లో ఒక పెద్దాయన పేరు చెప్పింది. ముప్ఫై ఏళ్లుగా వైరింగ్ పనే. శనివారం పొద్దున్నే బయల్దేరి వెళ్లాను. ఆ వరసలో సగం షట్టర్లు మూసున్నాయి. పక్కన టీ కొట్టతను నవ్వాడు. "ఇవాళ బక్రీద్ కదమ్మా, సోమవారం రండి." నాకు సెలవు ఇచ్చిందే అందుకని, ఆ సంగతే మరిచిపోయాను.

జూన్ 9, సోమవారం సాయంత్రం నాలుగున్నర. పెద్దాయన స్కానర్ ప్రింటు తీసుకుని కళ్లజోడు పైకెత్తి చూసి మడిచి నాకే ఇచ్చేశారు. "ఇది రోగం కాదమ్మా, మూలుగు" అన్నారు. "బుడమేరు నీళ్లు తగిలాయా బండికి?"

తగిలాయి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు మాది కాస్త మెరక కాబట్టి బతికింది కానీ, పార్కింగ్‌లో టైర్ల పైదాకా నీళ్లు నిలిచాయి. ట్రాక్టర్లు, పడవలు పోయినప్పుడల్లా అలలు బానెట్‌కి కొట్టేవి. నీళ్లు తీశాక కార్పెట్ విప్పి ఎండబెట్టాం, ఆయిల్ మార్పించాం, బండి నడిచింది. చుట్టుపక్కల కార్లు క్రేన్ల మీద పోతుంటే మాది నడిచిందని దేవుడికి దండం పెట్టుకున్నాం. అక్కడితో మరిచిపోయాం.

ఆయన మల్టీమీటర్‌ని ఓమ్‌ల మీద కాక వోల్టుల మీద పెట్టారు. నల్ల పుల్ల బ్యాటరీ మైనస్ కొమ్ము మీద, ఎర్ర పుల్ల ఇంజిన్ ఇనుము మీద. కుర్రాడితో సెల్ఫ్ కొట్టించారు. 0.1 కూడా దాటలేదు. "ఇది బాగుంది" అన్నారు. తర్వాత ఎర్ర పుల్లను బాడీ మీద పెట్టి, "హెడ్‌లైట్, బ్లోయర్ ఫుల్లు, వెనక హీటర్, అన్నీ వెయ్యమ్మా" అన్నారు. వేశాను. మీటర్ మీద 1.3.

నాకు చప్పున వెలిగింది. అన్నీ వేస్తే ముప్ఫై ఆంపియర్ల దాకా పోతుంది. బ్యాటరీ మైనస్‌కీ బాడీకీ మధ్య ఒక మందపాటి తీగ తప్ప ఏమీ లేదు, అక్కడ సున్నా ఉండాలి. 1.3ని ముప్ఫైతో భాగిస్తే 0.04 ఓమ్. మీటర్ పుల్లలకే అంతకంటే ఎక్కువ నిరోధం ఉంటుంది, సర్వీస్ సెంటర్‌లో బీప్ అనక ఏం చేస్తుంది? కరెంటు పారుతున్నప్పుడు కొలిస్తేనే ఇది కనిపిస్తుంది. 1.3 ఇంటూ ముప్ఫై, దాదాపు నలభై వాట్లు. అంటే ఒక టంకం కర్రంత వేడి ఎక్కడో ఒకచోట పుడుతుండాలి. "బాబాయ్ గారూ, ఆ బోల్టు వేడిగా ఉంటుందా?" అన్నాను.

ఆయన నా వైపు చూసి నవ్వారు. "ఏం చేస్తావమ్మా నువ్వు?"

"ఫిజిక్స్ లెక్చరర్‌ని."

"మరి ఇన్నాళ్లు ఏం చేశావు?"

సమాధానం లేదు.

బ్యాటరీ దించి, దాని కింద ట్రే విప్పారు. ఆ ట్రే కింద బూడిదరంగు మట్టి, వేలితో రుద్దితే పిండిలా రాలింది. బుడమేరు బురద, తొమ్మిది నెలలుగా అక్కడే ఎండి కూర్చుంది. ఎర్త్ తీగ కొన బాడీకి బిగించిన బోల్టు దానిలో సగం పూడిపోయి ఉంది. 10 నంబర్ పానా పెట్టి తిప్పితే కరకరమంటూ ఊడింది. కింద రేకు మీద ఎర్రటి తుప్పు పొర, తీగ కొనకున్న థింబుల్ (బోల్టు దూరే లోహపు ఉంగరం) చుట్టూ పచ్చటి చిలుము. పైన తొడుగు చీరి చూపిస్తే లోపల రాగి పోగులు మెరుపు పోయి, నల్లగా మాడిన టీ ఆకుల్లా ఉన్నాయి. వేలు పెట్టి చూశాను. అంతసేపైనా బోల్టు ఇంకా గోరువెచ్చగానే ఉంది.

తిరిగి వెళ్లడానికి దారి మూసుకుపోతే కరెంటు ఊరుకోదు, దొరికిన సందులోంచి పోతుంది. హారన్ కరెంటు లాక్‌ల తీగ గుండా, బ్రేకుది పార్కింగ్ లైట్ గుండా. స్టీరింగ్ మోటర్ బండి మెల్లగా వెళ్తూ తిరిగేటప్పుడే ఎక్కువ లాగుతుంది, అందుకే మలుపులో బిగుసుకుంది. మొదటి రాత్రి పక్కింటి కుర్రాడు బాడీకి క్లిప్పు పెడితే స్టార్ట్ కాకపోవడం, ఇంజిన్‌కి పెడితే కావడం పెయింట్ వల్ల కాదు. ఇంజిన్‌కి బ్యాటరీ నుంచి వేరే తీగ ఉంది, అది బాగుంది. బాడీ తీగ తొమ్మిది నెలలుగా మెల్లమెల్లగా చస్తోంది. పాత బ్యాటరీ ఉన్నప్పుడు కూడా హెడ్‌లైట్లు కొంచెం గుడ్డిగా ఉన్నాయని నేనే అనేదాన్ని. నా కళ్లకు సైటు పెరిగిందేమో అనుకున్నాను.

ఎమ్రీ కాగితంతో రేకును వెండిలా మెరిసేదాకా రుద్దారు. కొత్త తీగ కోసి, రెండు కొనలకు థింబుల్స్ నొక్కి, పైన టంకం పోసి, బోల్టు బిగించాక వాజిలిన్ పట్టించారు. "బిగించాక పుయ్యాలి, ముందు కాదు" అన్నారు. మళ్లీ అన్నీ వేసి కొలిస్తే 0.05. తీగకు 250, పనికి 400. మొత్తం 650 రూపాయలు, యాభై నిమిషాలు. మధ్యలో టీ ఆయన ఖాతాలోనే.

బ్యాటరీ తీశారు కాబట్టి అద్దం, స్టీరింగ్, గడియారం, స్టీరియో మళ్లీ అన్నీ మరిచిపోయాయి. ఈసారి షాపు ముందే ఐదు నిమిషాల్లో నేర్పేశాను. పెద్దాయన కుర్రాడు వింతగా చూస్తున్నాడు.

బయల్దేరేటప్పుడు ఆయనే అన్నారు. "ఎర్త్ పాడైతే బండి వింతగా చేస్తుంది కానీ, ఆగున్న బండిలో బ్యాటరీ ఖాళీ అవ్వదు. అది వేరే కథ. ఎక్కడో కారుతోంది చూసుకో."

అది నేనే చూసుకుంటానన్నాను, పౌరుషం కొద్దీ. 450కి మల్టీమీటర్ కొని, జూన్ 11, బుధవారం రాత్రి పార్కింగ్‌లో కూర్చున్నాను. మైనస్ తీగ విప్పి, తీగకూ బ్యాటరీ కొమ్ముకూ మధ్య మీటర్‌ని 10 ఆంపియర్ల కన్నంలో పెట్టాలి. పెట్టాను. ఏదో ఆలోచిస్తూ అలవాటు ప్రకారం తాళం తిప్పాను, బ్లోయర్ ఫుల్లులో ఉంది. మీటర్‌లో చిన్న టిక్, లోపల ఫ్యూజ్ పోయింది. అంతే, ఆ రాత్రికి ప్రయోగం సమాప్తం. ఇరవై రూపాయల గాజు ఫ్యూజ్ కోసం మర్నాడు కాలేజీ ల్యాబ్ అటెండర్‌ని బతిమాలాను.

గురువారం రాత్రి రెండో ప్రయత్నం. ఫ్యూజ్ పెట్టె డాష్‌బోర్డు కింద ఉంది కాబట్టి డోర్ తెరిచే ఉంచాలి. తెరిచి ఉంటే కారు నిద్రపోదు, లోపలి డబ్బాలు మేల్కొనే ఉంటాయి. అందుకని డోర్ గొళ్లాన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసుకున్నట్టు నమ్మించాను. పని అయ్యాక హ్యాండిల్ లాగి గొళ్లెం వదిలించకుండా డోర్ వేస్తే దెబ్బతింటుంది, జాగ్రత్త. తాళం వేసి, దోమల్లో అరగంట కూర్చున్నాను. మొదట ఆంపియర్లలో ఉన్న అంకె మెట్లు దిగినట్టు దిగి 0.11 దగ్గర ఆగింది. 0.05 లోపు ఉండాలి. ఒక్కొక్క ఫ్యూజ్ లాగి చూస్తూ పోతే ఏడోదానికి 0.03కి పడింది. ఆ ఫ్యూజ్ మీద ఏముంది? రెండేళ్ల క్రితం పెట్టించిన డాష్‌క్యామ్. కారు ఆపినా పనిచేసేలా తాళంతో సంబంధం లేని లైనుకి కలిపేశాడు ఆ షాపువాడు.

కాగితం మీద లెక్కేశాను. 0.11 చొప్పున 35 ఏహెచ్ బ్యాటరీ పదమూడు రోజుల్లో సున్నా. రోజూ తిప్పే బండికి తెలియదు. నేను ముప్ఫై ఏడు రోజులు వదిలేశాను, అందులో ఇరవై నాలుగు రోజులు అది ఎండలో శవంలా ఉంది. డాష్‌క్యామ్ లేకపోయినా 0.03 చొప్పున దాదాపు ఇరవై ఏడు ఏహెచ్ పోయేదే, మూడేళ్ల బ్యాటరీకి అదీ ఎక్కువే. డాష్‌క్యామ్ లైను తాళం తిప్పితేనే కరెంటు వచ్చేదానికి మార్పించాను, 200. ఊరెళ్తే ఇకనుంచి మైనస్ తీగ విప్పే వెళ్తాను. డిక్కీలోని జంపర్ కేబుల్స్ మాత్రం ఇప్పుడు డ్రైవర్ సీటు కిందున్నాయి.

బ్యాటరీ 4,200, చెకింగ్ 1,180, ఎర్త్ 650, మీటర్, ఫ్యూజ్ కలిపి 470, డాష్‌క్యామ్ 200. మొత్తం 6,700. ఆటోలకు ఎంతయిందో రాసుకోలేదు. బెంజి సర్కిల్ దగ్గర ఇప్పటికీ తిరిగేటప్పుడు అప్రయత్నంగా ఏసీ తగ్గిస్తున్నాను.

జూన్ 16న సర్వీస్ సెంటర్ నుంచి ఫోన్. "మేడం, మాడ్యూల్ ఆర్డర్ పెట్టమంటారా? అడ్వాన్స్ పదివేలు కట్టాలి."

"అక్కర్లేదు బాబూ, బోల్టు శుభ్రం చేయించాను" అన్నాను.

"ఏ బోల్టు మేడం?"

బ్యాటరీ ట్రే కింద ఉంటుందని చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, మా సర్వీసు పట్ల మీరు సంతృప్తిగా ఉన్నారా, ఐదుకి ఎన్ని మార్కులు ఇస్తారు అని అడిగాడు.